సైన్స్ వార్తల్లో ఏది నమ్మాలి? ఉద్దానం నుంచి నా జవాబు

"రోజుకో కొత్త ఆవిష్కరణ అంటూ వార్త వస్తుంది, ఆర్నెల్లు తిరిగేసరికి దాని ఊసే ఉండదు. మామూలు మనుషులు సైన్స్ వార్తల్ని ఎలా చదవాలి, ఏది నమ్మాలి?" అని అడిగారు కదా. నేను సైంటిస్టుని కాను. బీఎస్సీ చదివి ఊళ్ళో పిల్లలకి ట్యూషన్లు చెబుతున్నాను. కాకపోతే మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో పుట్టినవాళ్ళం సైన్స్ వార్తని ఇంట్లో మనిషి రిపోర్టు చూసుకున్నట్టు చూస్తాం.

మా వైపు ఇద్దరు కలిస్తే "క్రియాటినిన్ ఎంతుంది?" అని అడగడం మామూలే. కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం అది. 1.2 దాటిందంటే ఆ ఇంట్లో టెన్షన్ మొదలు. ఆ అంకె పెరగడం కనిపించేసరికే కిడ్నీల శక్తి దాదాపు సగం పోయి ఉంటుందని నాకు ఆలస్యంగా తెలిసింది. మా చిన్నాన్న ఈ జబ్బుతోనే పోయారు. నాన్నకి కొబ్బరితోట ఉంది. మూడేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు.

"ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం దొరికింది" అన్న మాట నా చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒకసారి నీళ్ళలో సిలికా అన్నారు. ఒకసారి పురుగుమందులన్నారు. తర్వాత భారలోహాలు, నొప్పి మాత్రలు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం. వార్త వచ్చిన ప్రతిసారీ అమ్మ ఇంట్లో ఏదో ఒకటి మార్చేసేది. బోరు నీళ్ళు మానేసి డబ్బా నీళ్ళు కొంది. ఒక ఏడాది అల్యూమినియం గిన్నెలన్నీ అటకెక్కించింది. డిగ్రీకి వచ్చాక ఆ పరిశోధనల సారాంశాలు వెతుక్కుని చదివితే, "దీనికీ జబ్బుకీ సంబంధం ఉండొచ్చు, ఇంకా పరీక్షించాలి" అని ఉండేది. పేపర్లో హెడ్డింగు దగ్గరికి వచ్చేసరికి "ఉండొచ్చు" ఎగిరిపోయి, "సంబంధం" కాస్తా "కారణం" అయిపోయేది. ఒకే ఒక్క కారణమని ఈ రోజుకీ తేలలేదు. శ్రీలంకలో వరి రైతులకీ, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీలకీ ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడా కారణం మీద ఇంకా వాదనలే.

కారణం తేలలేదు కదా అని చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదని కూడా ఆ చెరకు తోటల కథ చదివే నేర్చుకున్నాను. అక్కడ కొన్ని తోటల్లో కూలీలకి తాగే నీళ్ళు, నీడ, మధ్యమధ్యలో విశ్రాంతి ఏర్పాటు చేసి చూస్తే, పని రోజుల్లో కిడ్నీలకి తగిలే దెబ్బ తగ్గిందని తేలింది. అది చదివాక మా తమ్ముడితో పోట్లాడి మరీ తోటలో పదకొండింటికి పని ఆపించాను. ఇప్పుడు చెట్టు కింద కుండ ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఒళ్ళునొప్పులకి దుకాణంలో మాత్రలు కొనుక్కుని మింగడం కూడా మా ఇంట్లో పూర్తిగా మానేశారు.

ఇక నేను దెబ్బ తిన్న సంగతి. నాన్నకి డయాలసిస్ మొదలైన కొత్తలో ఎవరో ఫోన్‌కి ఒక వీడియో పంపారు. "కొబ్బరినీళ్ళు కిడ్నీలని కడిగేస్తాయి, కొత్త పరిశోధనలో వెల్లడి" అని. మాది కొబ్బరితోట. నాన్నకి ఎంత సంతోషమో! "మన చెట్టు మీదే మందుంటే మనకెందుకమ్మా ఈ తిరుగుడు?" అన్నారు. నేనూ ఆలోచించలేదు. రోజూ రెండు బోండాలు, నాలుగు రోజులు. నాలుగో రోజు సాయంత్రం అరుగు మీంచి లేవబోయి కూలబడ్డారు. కాళ్ళలో సత్తువ లేదు. నాడి పట్టుకుంటే మరీ నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే పొటాషియం అనే లవణం 6.4 వచ్చింది. మామూలుగా 5 దాటకూడదు. ఈసీజీ తీసి, కాల్షియం ఇంజెక్షన్ చేసి, ఆ రాత్రే డయాలసిస్ మిషన్‌కి పెట్టారు. గుండె ఆగిపోయేదే అన్నారు డాక్టరుగారు.

వంద మిల్లీలీటర్ల కొబ్బరినీళ్ళలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మంచి కిడ్నీ ఉన్నవాళ్ళకి అది బలం, ఎక్కువైనది మూత్రంలో పోతుంది. నాన్నకి పోయే దారి లేదు. తర్వాత కూర్చుని ఆ వీడియో మూలం వెతికాను. పరిశోధన నిజమే. కొబ్బరినీళ్ళు తాగితే మూత్రంలో సిట్రేట్ అనే పదార్థం పెరుగుతుందనీ, కిడ్నీలో రాళ్ళు రాకుండా అది ఉపయోగపడొచ్చనీ రాశారు. కానీ అది కొద్దిమంది ఆరోగ్యవంతుల మీద చేసింది. మా నాన్న లాంటి మనిషి అందులో ఒక్కరూ లేరు. ఆ పరిశోధకుల తప్పు ఏమీ లేదు. వీడియో చేసినవాళ్ళు "ఎవరి మీద" అన్నది తీసేశారు, నేను అడగలేదు.

అందుకే ఇప్పుడు ఏ వార్త వచ్చినా ముందు అదే చూస్తాను. ఎవరి మీద చేశారు? ఎలుకల మీదా, మనుషుల మీదా? ఎంతమంది మీద? ఇంకెవరైనా చేసి చూశారా? ఈ చివరి ప్రశ్నకి 2023లో మంచి ఉదాహరణ దొరికింది. ఆ జూలైలో దక్షిణ కొరియా పరిశోధకులు కొందరు మామూలు వాతావరణంలోనే సూపర్ కండక్టరుగా, అంటే కరెంటుని ఏ అడ్డూ లేకుండా పోనిచ్చేదిగా, పనిచేసే పదార్థం తయారుచేశామని చెప్పారు. ఎల్‌కే-99 అని పేరు. ప్రపంచమంతా ఊగిపోయింది. చాలా ల్యాబ్‌లు తయారుచేసి చూశాయి, మన ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీతో సహా. నెల తిరగకుండానే విషయం తేలిపోయింది. అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ అనే మలినం వల్ల అలా కనిపించిందని చెప్పారు. ఊసే లేకుండా పోయిందని మీరన్న వార్తల్లో కొన్ని ఇలా పరీక్షకి నిలవక పోయినవే.

ఇంకొకటి గమనించండి. సరైన సైన్స్ తనకి తెలిసినంత మేరే చెబుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చే ముందు వాతావరణ శాఖవాళ్ళు గోపాల్‌పూర్‌కీ కళింగపట్నానికీ మధ్య తీరం దాటుతుందన్నారు. ఊరి పేరు చెప్పలేదేమిటని మావాళ్ళు విసుక్కున్నారు. 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర, వాళ్ళు చెప్పిన హద్దుల్లోనే దాటింది. మా తోటలో సగం చెట్లు పోయాయి, మనుషులం మాత్రం ముందే పక్కా భవనంలోకి చేరి బతికిపోయాం.

ఇప్పుడు మా ఇంట్లో అన్నిటికంటే శ్రద్ధగా చదివే వార్త పంది కిడ్నీది. 2024 మార్చిలో అమెరికాలోని బోస్టన్‌లో, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో, జన్యువులు మార్చిన పంది కిడ్నీని మొదటిసారి బతికున్న మనిషికి అమర్చారు. ఆయనకి 62 ఏళ్ళు. ఆ పందిలో 69 మార్పులు చేశారు. మన ఒళ్ళు పరాయివని గుర్తించి తిరగబడేలా చేసే చక్కెర పదార్థాల్ని తయారుచేసే 3 పంది జన్యువుల్ని తీసేశారు. మనిషి జన్యువులు 7 చేర్చారు. పంది డీఎన్ఏలో దాక్కున్న వైరస్‌లని 59 చోట్ల పనిచేయకుండా చేశారు.

ఆ రోజు ఇది చదివి వినిపిస్తే నాన్న నీళ్ళ సీసా వైపు చూస్తూ కూర్చున్నారు. రోజంతటికీ తాగాల్సిన నీళ్ళు పొద్దున్నే కొలిచి అందులో పోస్తుంది అమ్మ. కాసేపటికి "అయితే ఏటమ్మా, నాకూ పెడతారా?" అన్నారు. కొబ్బరినీళ్ళ దెబ్బ తిన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్కరికే పెట్టారు నాన్నా, చూడాలి అని. దాదాపు రెండు నెలలకి ఆ కిడ్నీ పెట్టించుకున్నాయన చనిపోయారు. కిడ్నీ వల్ల పోయినట్టు ఆధారం లేదని ఆసుపత్రి చెప్పింది. ఆ ఏడాది నవంబరులో న్యూయార్క్‌లో ఒకావిడకి పెట్టారు, 130 రోజులు పనిచేశాక ఒళ్ళు తిరగబడితే తీసేశారు. 2025 జనవరిలో బోస్టన్‌లోనే ఇంకొకాయనకి పెట్టారు. అది 271 రోజులు పనిచేశాక తీసేశారు. అమెరికాలో క్లినికల్ ట్రయల్స్, అంటే రోగుల మీద పద్ధతి ప్రకారం చేసే పరీక్షలు, మొదలయ్యాయి. అవి పూర్తయి, మన దేశం దాకా వచ్చి, మాలాంటి వాళ్ళకి అందేలోపు నాన్నకి సమయం ఉంటుందని నేను చెప్పలేను. ఆ మాటా ఆయనతో అన్నాను.

మీరు 271 రోజులకే తీసేశారా అనుకోవచ్చు. మొన్న డయాలసిస్ నుంచి ఆటోలో వస్తూ నాన్న వేళ్ళ మీద లెక్క వేశారు. "వారానికి మూడు లెక్కన ఆయనకి నూటపదహారు సార్లు ఈ మిషన్ తప్పింది" అన్నారు. కాసేపాగి నవ్వుతూ, "నూటపదహార్లు! మంచి లెక్కేనమ్మా" అన్నారు.