టైల్స్ మేస్త్రిని కుదుర్చుకునే ముందు: పాఠకుల ప్రశ్నలకు ఇంజినీరు జవాబులు

ప్రశ్న: మా ఫ్లాటు కట్టి ఇరవై ఏళ్ళు దాటింది. హాలు, రెండు పడకగదులు, రెండు స్నానాలగదుల టైల్స్ మార్పించాలనుకుంటున్నాము. ముగ్గురు మేస్త్రీలు వచ్చి చూసి వెళ్ళారు. ఒకరు చదరపు అడుగుకు చాలా తక్కువ రేటు చెప్పారు, రెండవవారు దాదాపు దానికి రెట్టింపు చెప్పారు, మూడవవారు లెక్కలు వద్దు, పనంతా గుత్తకు ఇచ్చేయమన్నారు. ఎవరికి ఇవ్వాలో తేల్చుకోలేకపోతున్నాము, ఇంజినీరు గారూ. (పాఠకురాలు, పటమట, విజయవాడ)

జవాబు: ఆ మూడు రేట్లూ ఒకే పనికి చెప్పినవి కాకపోవచ్చునమ్మా. చదరపు అడుగు రేటు అన్నప్పుడు అందులో ఏమేమి కలిసి ఉన్నాయో అడిగితే తప్ప తేలదు. పాత టైల్స్ పగలగొట్టడం, ఆ రద్దును మూటలు కట్టి కిందికి దించి ట్రాక్టరుకు ఎత్తడం, గోడ అంచున వేసే స్కర్టింగు, గట్ల అంచులను నలభై ఐదు డిగ్రీల కోణంలో కోసి కలపడం, కుళాయి గొట్టాలకు రంధ్రాలు తీయడం, సందులు నింపడం, ఇవన్నీ కలిపి చెప్పేవారు ఉన్నారు, నేల మీద టైలు పరచడం వరకే చెప్పి మిగిలినవాటికి పని మధ్యలో విడిగా అడిగేవారూ ఉన్నారు. స్కర్టింగును సాధారణంగా రన్నింగ్ ఫీటు, అంటే పొడవు అడుగుల, లెక్కన కొలుస్తారు కాబట్టి దాని రేటు వేరుగా ఉంటుంది. ముగ్గురినీ మళ్ళీ పిలిచి, ఈ పనులన్నిటినీ ఒకే కాగితం మీద రాసి, ఒక్కొక్కదాని ఎదురుగా వారి చేతనే రేటు వేయించండి. అప్పుడు తక్కువ అనుకున్న రేటు ఎంతవరకు తక్కువో మీకే తెలుస్తుంది.

రేటు కంటే ముఖ్యమైనది పాత పని చూడటం. మేస్త్రి ఫోనులో చూపించే ఫోటోలన్నీ హాలువే అయి ఉంటాయి. నాలుగు గోడల మధ్య బల్లపరుపు నేల మీద పెద్ద టైల్స్ పరచడం కొద్దిపాటి అనుభవం ఉన్న తాపీ మేస్త్రి ఎవరైనా చేయగల పని. పనితనం బయటపడేది స్నానాలగదిలో. అతడు చేసి కనీసం రెండేళ్ళయిన స్నానాలగది ఒకటి చూపించమని అడగండి, ఇంటివారి అనుమతితో తలుపుకు దగ్గరగా ఒక చెంబు నీళ్ళు పోసి నిలబడండి. నీరు మధ్యలో ఎక్కడా ఆగకుండా నహానీ ట్రాపు (నేలలో నీరు బయటికి పోయే జాలీ రంధ్రం) వైపు నడిస్తే ఆ చేతికి వాటం తెలుసునన్న మాట. ఆరడుగుల పొడవు గదికి తలుపు దగ్గరి నుంచి ట్రాపు వరకు సుమారు ముప్పావు అంగుళం నుంచి అంగుళం వరకు పల్లం ఉండాలి, అంతకు తగ్గితే నీరు నిలుస్తుంది, మరీ ఎక్కువైతే తడి కాలు జారుతుంది. తరువాత తలుపు వెనుక మూల చూడండి. అందరి కళ్ళకూ కనిపించే గోడ మీద నిండు టైల్స్ పెట్టి, వేలెడు సన్నని ముక్కలన్నీ తలుపు చాటుకు నెట్టారంటే సర్దుబాటు తెలిసిన మనిషే. కనిపించే గోడ మీదే సన్న ముక్క పడిందంటే మాత్రం కొలత వేసుకోకుండా మొదలుపెట్టాడని అర్థం.

మాట్లాడేటప్పుడు అడగవలసిన ప్రశ్న నా దృష్టిలో ఒకటే ఉంది: మొదటి టైలు ఎక్కడ పెడతారు? పని తెలిసిన మేస్త్రి వెంటనే బదులు చెప్పడు. గది మూలలకు మూలమట్టం పెట్టి చూస్తాడు, హాలు నుంచి గదిలోకి గుమ్మం గుండా దారం లాగుతాడు, ఒక వరుసను సిమెంటు మాలు లేకుండా పొడిగా పరిచి చివర ఎంత ముక్క మిగులుతుందో లెక్కవేస్తాడు. మన పాత అపార్ట్‌మెంట్లలో గదుల మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండటం అరుదు గనుక ఈ దారం పని తప్పనిసరి. ఎక్కడ మొదలుపెట్టినా ఒకటేనండీ అన్న వ్యక్తికి, రేటు ఎంత తక్కువైనా, నేనైతే పని ఇవ్వను.

గుత్త విషయానికి వస్తే, గదుల నేలను చదరపు అడుగు లెక్కన, స్నానాలగదులను ఒక్కొక్క గదికి ఇంత అని ఇవ్వడం మేలు. సామాను మాత్రం మీరే మీ పేరు మీద బిల్లుతో కొనండి. గుత్తలో సామాను కూడా కలిపితే, బయటికి కనిపించని చోటే, అంటే టైలు కిందనే, పొదుపు జరుగుతుంది.

కొనేటప్పుడు లెక్క ఇలా వేసుకోండి. రెండడుగుల చదరపు టైల్స్ పెట్టెలో నాలుగు ఉంటాయి, అవి సుమారు పదిహేనున్నర చదరపు అడుగులకు వస్తాయి. పన్నెండు పదిహేను అడుగుల గది విస్తీర్ణం 180 చదరపు అడుగులు. కోతలకు, విరుగుళ్ళకు ఎనిమిది శాతం కలుపుకొంటే పదమూడు పెట్టెలు కావాలి. నాలుగంగుళాల స్కర్టింగును అవే టైల్స్ నుంచి కోయిస్తే మరొక పెట్టె చాలకపోవచ్చు కాబట్టి మొత్తం పదిహేను తీసుకోవాలి. మన దగ్గర అమ్ముడయ్యే టైల్స్‌లో చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చేవే, ఒకే డిజైను అయినా బట్టీలో ఒక కాల్పుకూ మరొక కాల్పుకూ రంగులో, కొలతలో కొద్దిపాటి తేడా వస్తుంది. పెట్టెల మీద ముద్రించిన షేడు, బ్యాచి సంఖ్యలు అన్నిటికీ ఒకటేనా అని లారీ దించేటప్పుడే చూసుకోండి. మిగిలిన టైల్స్‌ను దుకాణానికి తిరిగి ఇవ్వకుండా అటక మీద దాచండి, మరుసటి ఏడాది గొట్టం కారి నాలుగు టైల్స్ తీయవలసి వస్తే అదే రంగు మీకు దొరకదు.

డబ్బు ఇచ్చే వరుస కూడా ఆ కాగితం మీదే రాయించండి. పగలగొట్టి రద్దు తీసిన తరువాత కొంత, గదులు పూర్తయిన తరువాత కొంత, స్నానాలగదుల్లో ట్రాపు మూసి ఒక రోజంతా నీరు నిలిపి, కింది ఫ్లాటు కప్పు చెమ్మగిల్లలేదని చూసిన తరువాత చివరి భాగం. ఈ నీటి పరీక్షను వాటర్‌ప్రూఫింగు చేసిన తరువాత, టైల్స్ వేయకముందు కూడా ఒకసారి చేయించాలి. టైల్స్ వేశాక కారితే కొత్త టైల్స్‌నే పగలగొట్టాలి కదా.

ప్రశ్న: మాది పాత ఇల్లు, మొజాయిక్ గచ్చు. పగలగొడితే దుమ్ము, ఖర్చు ఎందుకు, దాని మీదే విట్రిఫైడ్ టైల్స్ వేసేస్తానని మేస్త్రి అంటున్నాడు. నమ్మవచ్చునా? జిగురు అవసరం లేదు, సిమెంటు పాలు (నీళ్ళలో పలుచగా కలిపిన సిమెంటు) చాలు అని కూడా అన్నాడు. (పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మొదటి మాట కొన్ని షరతులతో నిజం, రెండవ మాట పొరపాటు.

పాత గచ్చు గట్టిగా ఉంటే దాని మీద టైల్స్ వేయవచ్చు. చెక్క పిడితో గదంతా తట్టుకుంటూ రండి, డొల్ల శబ్దం అక్కడక్కడా వస్తే ఆ భాగాలు తీసి పూడ్చవచ్చు, గదిలో సగం డొల్లగా ఉంటే మొత్తం తీయవలసిందే. ఏళ్ళ తరబడి పాలిష్ పట్టించిన మొజాయిక్ మీద మైనపు పొర ఉంటుంది, దానిని మిషనుతో గీకి గరుకు చేయకపోతే ఏ జిగురూ పట్టదు. టైలు మందం, జిగురు మందం కలిపి నేల అర అంగుళం పైగా లేస్తుంది. అప్పుడు తలుపులన్నీ కింద కోయాలి. మీరు మరచిపోకూడనిది గడప. పాత ఇళ్ళలో టేకు గడప ఎత్తుగానే ఉంటుంది కాబట్టి సింహద్వారం దగ్గర ఇబ్బంది రాకపోవచ్చు, లోపలి గదుల గడపలు మాత్రం అసలే పల్చనివి, నేలలో సగం మునిగిపోయి కాలికి తగిలే గట్టులా మిగులుతాయి. ఇంట్లో పెద్దవారు ఉంటే దీనిని ముందే ఆలోచించండి. స్నానాలగదిలో మాత్రం ఈ పద్ధతి వద్దు, అక్కడి నేల పడకగది కంటే పల్లంగా ఉండి తీరాలి, పైన మరొక పొర వేస్తే ఆ పల్లం పోయి నీరు గదిలోకి వస్తుంది.

ఇక సిమెంటు పాల సంగతి. మీ మేస్త్రి నేర్చుకున్న కాలంలో సిరామిక్ టైల్స్ ఎక్కువ, అవి నీటిని పీల్చుకుంటాయి, ఆ పీల్పుతోనే సిమెంటు పాలు లోపలికి దిగి పట్టుకునేవి. విట్రిఫైడ్ టైలు నీటిని పీల్చుకునేది అర శాతం లోపే. గాజు పలకకు సిమెంటు పూసినట్లే ఉంటుంది, కొంతకాలానికి ఊడిపోతుంది. పాత గచ్చు మీద అయితే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. బస్తా మీద ఐఎస్ 15477 అన్న ప్రమాణ సంఖ్య, రకం సంఖ్య ఉన్న జిగురు తీసుకోండి, మీరు వేయించేది పాత నేల మీద విట్రిఫైడ్ అని దుకాణంలో చెప్పి దానికి తగిన రకం అడగండి. జిగురు మంచిదైనంత మాత్రాన సరిపోదు. పళ్ళున్న తాపీతో నేలంతా గీతలుగా పరిచి టైలును నొక్కాలి. నాలుగు మూలల్లో, మధ్యలో ఐదు ముద్దలు పెట్టి టైలు అంటించే అలవాటు మన వైపు చాలామందికి ఉంది. ముద్దల మధ్య ఖాళీ ఉండిపోతుంది, ఆ ఖాళీ మీద ఏ గ్యాస్ బండో పడిన రోజున టైలు పగులుతుంది. మొదటి రోజు పని జరుగుతుండగా అప్పుడే వేసిన ఒక టైలును పైకి ఎత్తించి వెనుక వైపు చూడండి. జిగురు అంచుల దాకా అంటుకుని ఉండాలి. మేస్త్రి ముఖం చిట్లించినా ఈ ఒక్క పని మానకండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీరు మా ఇంట్లో రోజుల తరబడి నిలిచింది. ఇప్పుడు ముందు గదిలో టైల్స్ కొన్ని కుంగాయి, వెనుక గదిలో మొన్నటి ఎండలకు రెండు టైల్స్ ఢామ్మని లేచి గుడారంలా నిలబడ్డాయి. రెండు చోట్లా టైల్స్ మార్చితే సరిపోతుందని మేస్త్రి అన్నాడు. (పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ)

జవాబు: అవి రెండు వేర్వేరు జబ్బులు. కుంగిన చోట దోషం టైలుది కాదు, కింద ఉన్న భర్తీ మట్టిది. నీరు నిలిచి తీసినప్పుడు గట్టిగా దిమ్మిసా కొట్టని మట్టి అణిగిపోతుంది, ఇసుక జారిపోయి ఖాళీ ఏర్పడుతుంది. కొత్త టైలు వేసినా అది మళ్ళీ కుంగుతుంది. ఆ భాగం విప్పించి, పొరలు పొరలుగా నీరు పోసి దిమ్మిసా కొట్టించి, పైన కాంక్రీటు బెడ్డు వేయించి, అది గట్టిపడిన తరువాత టైల్స్ వేయించండి. గోడలకు కూడా పగుళ్ళు వచ్చి ఉంటే టైల్స్ మేస్త్రిని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరును ముందు పిలవాలి.

లేచిన టైల్స్ కథ వేరు. సందు లేకుండా ఒకదానికొకటి ఒరిపించి వేసిన నేల ఎండకు వ్యాకోచించి, పట్టు తక్కువగా ఉన్న చోట పైకి లేస్తుంది. తిరిగి వేసేటప్పుడు టైల్స్ మధ్య సందు ఉంచే స్పేసర్లు కనీసం రెండు మిల్లీమీటర్లవి పెట్టించండి, గోడ వెంట సన్నని ఖాళీ వదిలి దానిని స్కర్టింగుతో కప్పించండి. గీతలు కనిపిస్తే అందం పోతుందని కొందరు మేస్త్రీలు, ఇంకా ఎక్కువమంది ఇంటివారు అంటారు, టైలు రంగుకు దగ్గరి రంగు గ్రౌట్ (సందులు నింపే పొడి) తీసుకుంటే ఆ గీత కనిపించదు.

ప్రశ్న: పని చెడగొట్టి, అడ్వాన్సు మిగుల్చుకుని మేస్త్రి రావడం మానేశాడు. చట్టప్రకారం ఏమైనా చేయగలమా? (పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: గుత్తకు పని ఒప్పుకున్న కాంట్రాక్టరు అయితే సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. సమస్య ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి, చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు. అంతకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915కు ఫోను చేసి చూడండి. మీ ఆజమాయిషీలో రోజుకూలికి పనిచేసిన వ్యక్తి మీద ఈ చట్టం కింద ఫిర్యాదు నిలబడటం కష్టం. ఏది చేసినా రాసుకున్న కాగితం, డబ్బు పంపిన రసీదులు, పని మధ్యలో తీసిన ఫోటోలు చేతిలో ఉండాలి. మరొక మేస్త్రితో పని పూర్తి చేయించే ముందే చెడిన భాగాలన్నిటినీ తేదీతో సహా ఫోటోలు తీయించి పెట్టుకోండి.