కర్టెన్ క్రీపర్ కొమ్మలు కుళ్ళిపోతుంటే

తెరలా కిందికి వేలాడే తీగ కర్టెన్ క్రీపర్ కొమ్మలు ఆరు నాటితే ఆరింటి మొదళ్ళూ నల్లబడ్డాయన్నారు కదండీ, అది నీళ్ళ గొడవే. జూలైలో అసలే బెంగళూరు ముసురు, పైగా మీరు రోజూ పోస్తున్నారు. ఇది చామంతి కుటుంబపు మొక్కే గానీ, చామంతికి నాటినట్టు మరీ లేత చివర్లు నాటితే త్వరగా కుళ్ళుతాయి. పెన్సిల్ మందం, జానెడు పొడవున్న, కాస్త ముదిరిన కొమ్మ తీసుకోండి. కణుపు కిందే కోసి, కింది ఆకులు తుంచేయండి. ఎర్రమట్టి వద్దు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఇసుక చెరిసగం. అడుగు కోసేసిన వాటర్ బాటిల్ పైన కప్పి, మూత తీసి నీడలో పెట్టండి. పైపొర ఆరాకే తడపండి. చిగురేసినంత మాత్రాన వేరొచ్చినట్టు కాదు. ఆ సంబరంలో పీకి చూసి నేను రెండు చంపుకున్నాను. కుండీ చిల్లులోంచి తెల్లటి వేరు కనిపించాకే మార్చండి.