బంకమట్టి నుంచి బుగాటీ దాకా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఖరీదైన కార్ల మీదే. నేను కార్లు అమ్మేవాణ్ని కాదు, రేసులు నడిపేవాణ్ని అంతకంటే కాదు. చెన్నై శివార్లలో ఒక కార్ల డిజైన్ స్టూడియోలో పద్దెనిమిదేళ్లు క్లే మోడలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. అంటే కారుకు ఇనుము తగలకముందే దాన్ని మట్టితో చేసేవాణ్ని. ఆ కంటికి ఆనిందే చెబుతాను.

ఆటో షోలో చూపించే నమూనా కారు, అదే కాన్సెప్ట్ కారు, దేవలోకం నుంచి దిగినట్టుంటుంది. మూడేళ్ల తర్వాత షోరూముకు వచ్చేసరికి పక్కింటివాళ్ల కారులా ఉంటుంది. ఇది మోసం కాదా సార్?
*— ఇంజనీరింగ్ విద్యార్థి, నెల్లూరు*

మోసం అనకు బాబూ, అన్నేళ్లు నా పొట్ట నింపిన పని అది.

మా నాయన వడపళని స్టూడియోల్లో సెట్ల దగ్గర పనిచేసేవాడు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రాజుల కోటల స్తంభాలు పోసేవాడు. ముందు నుంచి చూస్తే పాలరాయి. వెనక్కి వెళితే వెదురు బద్దలు, గోనెగుడ్డ. అందుకే కారు స్టూడియోలో చేరిన మొదటిరోజు నాకు కొత్తేమీ అనిపించలేదు. లోపల స్టీలు చట్రం, దాని మీద ఫోమ్ దిమ్మలు, ఆ పైన రెండు మూడు వేళ్ల మందాన క్లే. ఇది కుమ్మరి మట్టి కాదు, మైనం కలిసిన గోధుమరంగు సరుకు. ఓవెన్‌లో అరవై డిగ్రీల దాకా వేడిచేస్తే పిసికిన పిండిలా మెత్తబడుతుంది, చల్లారితే సబ్బులా చెక్కుకోవచ్చు. మెషీన్ వచ్చి కంప్యూటర్లో ఉన్న ఆకారాన్ని ముతకగా కోసి పెడుతుంది. ఆ తర్వాత రేకు బద్దలతో గీకి నునుపు చేసేది మనిషే. ఆఖర్న సాగే వెండిరంగు ఫిల్మ్‌ను తడిపి అంటిస్తాం. పదడుగుల దూరం నుంచి చూస్తే అది నిజం కారే.

ఈ క్లే పద్ధతిని కార్ల పరిశ్రమకు అలవాటు చేసింది జనరల్ మోటార్స్‌లో డిజైన్ పెద్దగా ఉన్న హార్లీ అర్ల్. ఆయన 1938లో చేయించిన బ్యూక్ వై-జాబ్‌నే మొదటి కాన్సెప్ట్ కారుగా చెప్పుకుంటారు. ఆ కారును ఆయన ఏళ్ల తరబడి సొంతానికి వాడుకున్నాడు. ఇప్పటి కాన్సెప్ట్‌లలో చాలావాటికి ఆ యోగం లేదు. స్టేజి మీదకు మెల్లగా నడిచొచ్చేంత మోటారు ఉంటే గొప్పే. కొన్నిటిని నలుగురం కలిసి వెనక నుంచి తోసినవాళ్లమే.

ఇక నీ ప్రశ్న. కాన్సెప్ట్ కారు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. షోరూము కారు అందరికీ చెప్పుకోవాలి. రోడ్డు మీద మనిషి తగిలితే తల బానెట్‌కు కొట్టుకుంటుంది కాబట్టి బానెట్‌కూ కింద ఉన్న ఇంజన్‌కూ మధ్య ఖాళీ ఉండాలి. దాంతో ముక్కు పైకి లేస్తుంది. దీపాలు ఇంత ఎత్తులో ఉండాలని చట్టం. వైపర్ తుడవాలి. అన్నిటికంటే పెద్ద తలనొప్పి కిటికీ అద్దం. అది తలుపులోకి దిగాలి కదా? కాన్సెప్ట్‌లో ముచ్చటగా అటూ ఇటూ వంచిన అద్దం దిగదు. దాన్ని సాపు చేయగానే పక్క ఆకారమంతా మారిపోతుంది. ఒక ప్రాజెక్టులో మేము ఎనిమిది నెలలు పిల్లలా సాకిన డిక్కీ మీది గీత, నంబరు ప్లేటు దీపానికి చోటు కోసం ఒక్క మధ్యాహ్నంలో పోయింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

అన్నీ అలా చచ్చిపోవు. 1970లో ట్యూరిన్ షోలో బెర్టోనె సంస్థ చూపించిన లాంచియా స్ట్రాటోస్ జీరో ఎత్తు 84 సెంటీమీటర్లు. మన డైనింగ్ టేబుల్ కంటే ఓ జానెడు కూడా ఎక్కువ కాదు. ముందు అద్దమే తలుపు. దాన్ని గీసినవాడు మార్చెల్లో గాందీని. అది అమ్మకానికి రాలేదు గానీ దాని పేరు మీద పుట్టిన స్ట్రాటోస్ 1974, 75, 76ల్లో వరసగా ప్రపంచ ర్యాలీ టైటిళ్లు గెలిచింది. మన దగ్గరి ఉదాహరణ కావాలంటే మహీంద్రా. 2022 ఆగస్టులో ఇంగ్లండులో బీఈ.05 అని కాన్సెప్ట్ చూపించారు. 2024 నవంబరులో అదే ఎలక్ట్రిక్ కారు మా చెన్నైలో బీఈ 6ఈగా బయటికొచ్చింది, తర్వాత పేరు బీఈ 6 అయింది. సీ ఆకారపు దీపాలు, వాలు కప్పు, మూలలు తేలిన ఒళ్లు చాలావరకు అలాగే నిలిచాయి. ముందు ఇంజన్ లేకపోతే మోడలర్ చేతికి ఎంత స్వేచ్ఛ దొరుకుతుందో దాని ముక్కు చూస్తే తెలుస్తుంది.

తొమ్మిదో తరగతి చదివే మావాడు గోడ నిండా బుగాటీ బొమ్మలు అంటించాడు. పెద్దయ్యాక కొంటాడట. అంత ఖరీదు పెట్టడానికి అందులో ఏముందండీ?
*— ఒక గృహిణి, పెరంబూరు*

అమ్మా, గోడకు అంటిస్తే అంటించనివ్వండి. ఆ వయసులో నా గోడ మీద ప్రీమియర్ పద్మిని ఉండేది. అదీ కొనలేదు.

2024 జూన్‌లో బుగాటీ చూపించిన కొత్త కారు పేరు టూర్బియాన్. ఖరీదైన చేతి గడియారాల్లో ఉండే ఒక చిన్న యంత్రం పేరది. ఇంజన్‌కు పదహారు సిలిండర్లు, 8.3 లీటర్లు, గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేదు. ఇంగ్లండులోని ఇంజన్ల సంస్థ కాస్‌వర్త్‌తో కలిసి చేశారు. ఇంజన్ ఒక్కటే 1000 హార్స్‌పవర్, మూడు కరెంటు మోటార్లు మరో 800. మొత్తం 250 కార్లే చేస్తారు.

నన్ను ఆపేసింది ఇంజన్ కాదు, మీటరు. దానికి తెర లేదు. ముళ్లు, పళ్ల చక్రాలు బయటికి కనపడే గడియారం లాంటి మీటరు, స్విట్జర్లాండ్ గడియారపు పనివాళ్లు చేసింది. 600కు పైగా భాగాలు, బరువు 700 గ్రాములు. స్టీరింగ్ తిప్పితే చక్రం తిరుగుతుంది గానీ నడి మధ్య దిమ్మ కదలదు. అందుకని మీటరు ఎప్పుడూ అడ్డం లేకుండా కనిపిస్తుంది. పదేళ్లకు ఏ తెరైనా పాతబడుతుంది, ముల్లు పాతబడదు అన్నది వాళ్ల ఆలోచన. నాకు నచ్చింది.

ఇక ఖరీదు. పన్నులు కాక 38 లక్షల యూరోలు. యూరో వంద రూపాయలనుకుంటే 38 కోట్లు. విదేశంలో పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన కారు మీద 2025 బడ్జెట్‌లో సుంకాన్ని 70 శాతం, 40 శాతం సెస్ అని రెండు ముక్కలు చేశారు. కలిపితే ముందున్న 110 శాతమే. అంటే 80 కోట్లకు కాస్త తక్కువ. దాని మీద 40 శాతం జీఎస్టీ, దాదాపు 112 కోట్లు. తమిళనాడులో ఇరవై లక్షలు దాటిన కారుకు రోడ్డు టాక్సు 20 శాతం. ఎటుచూసినా 130 కోట్లు దాటుతుంది. లెక్క ఉజ్జాయింపే. మీవాడికి శాతాలు నేర్పడానికి మాత్రం ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

ఇప్పుడు అన్నిటికంటే వేగమైన కారు ఎలక్ట్రిక్‌దేనట కదా. మరి ఇంకా పెట్రోలు ఇంజన్ల వెంట ఎందుకు పడుతున్నారు?
*— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు*

సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర కూర్చుని రాసినట్టున్నారు, ఉత్తరం నిండా వేగమే.

2019లో బుగాటీ షిరాన్ జర్మనీలో గంటకు 490.48 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఆరేళ్లు ఎవరూ దాన్ని ముట్టలేదు. 2025 సెప్టెంబరులో చైనా సంస్థ బీవైడీ వాళ్ల యాంగ్‌వాంగ్ యూ9 ఎక్స్‌ట్రీమ్, అదీ జర్మనీలోనే, 496.22 అందుకుంది. పూర్తిగా ఎలక్ట్రిక్. ఆరు కిలోమీటర్ల తేడాకు ఇంత హడావుడి ఎందుకంటారా? వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు, దాన్ని చీల్చుకుపోవడానికి కావలసిన పవర్ ఎనిమిదింతలు. ఆ వేగంలో ఒక్కో కిలోమీటరూ అప్పు చేసి పెళ్లి చేసినట్టే.

పెట్రోలు ఎందుకంటే, కొనేవాడికి వేగం అవసరమై కొనడం లేదు. టైము ఫోన్లోనూ తెలుస్తుంది, అయినా కీ ఇచ్చే గడియారానికి లక్షలు పోస్తున్నారు. ఇదీ అంతే. క్రొయేషియా వాళ్ల రిమాట్స్ నెవెరా 1914 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ కారు. ఆ కంపెనీ మనిషే ఇప్పుడు బుగాటీని నడుపుతున్నాడు. అయినా టూర్బియాన్‌లో పదహారు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ పెట్టించాడు. వ్యాపారి నాడి అది.

నన్నడిగితే ఈ ఇద్దరి పందెమూ నాకు పట్టదు. నేను ఆకారం మనిషిని. నా ఓటు 2022లో వచ్చిన మెర్సిడెస్ విజన్ ఈక్యూఎక్స్ఎక్స్‌కు. దాని గాలి అడ్డు లెక్క 0.17. మామూలు ఎస్‌యూవీకి దీనికి రెట్టింపు ఉంటుంది. వెనక చక్రాల మధ్య వెడల్పు ముందువాటికంటే 50 మిల్లీమీటర్లు తగ్గించి, తోకను నీటిబొట్టులా సన్నం చేశారు. ఆ ఏడాది జూన్‌లో స్టుట్‌గార్ట్ నుంచి ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ దాకా 1202 కిలోమీటర్లు ఒక్క చార్జింగ్‌తో వెళ్లింది. బ్యాటరీ 100 యూనిట్లకు లోపే. దాని పనిలో మీ బెంగళూరులో ఉన్న మెర్సిడెస్ పరిశోధన కేంద్రానికీ భాగం ఉంది. మీ పక్క క్యూబికల్ మనిషి చెయ్యి ఉందేమో, అడిగి చూడండి.

చెన్నై వానల్లో సూపర్ కారు నడుస్తుందా?
*— కాలేజీ కుర్రాళ్లం, తాంబరం*

నడవదు, తేలదు కూడా. ప్రమాణాల ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరే 10 సెంటీమీటర్ల ఎత్తు. మన వీధుల్లో ప్రమాణం ఎవరికి కావాలి? అందుకే వీటిలో ముక్కు పైకి లేపే మీట పెడతారు. లంబోర్ఘిని 2024లో అమ్మిన కార్లలో సగానికి పైగా ఎత్తయిన ఊరుస్ ఎస్‌యూవీలే కావడంలో ఆశ్చర్యం లేదు.

నీళ్ల సంగతి నాకు అనుభవం. 2015 డిసెంబరులో వేళచ్చేరిలో నా కారు స్టీరింగ్ దాకా మునిగింది. నాలుగో రోజు నీళ్లు తగ్గాక, ఆత్రం ఆపుకోలేక తాళం తిప్పాను. టక్ మని ఒక చప్పుడు, అంతే. సిలిండర్లలో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇన్సూరెన్సు వాళ్లు ‘మీరే స్టార్ట్ చేశారు కాబట్టి ఇంజన్‌కు ఇవ్వం’ అన్నారు. పాలసీలో ఆ ముక్క నిజంగానే ఉంది, చదవనిది నేను. ఇంజన్ ప్రొటెక్ట్ అని వేరే కవర్ ఉంటుంది, తీసుకోండి. మునిగిన కారును టో చేయించండి, తాళం ముట్టకండి. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి ఐపీ67 అని రాసుంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. వేళచ్చేరి నీళ్లు అరగంటలో పోవు. అందుకే మావాళ్లు తుపాను కబురు రాగానే కార్లన్నీ ఫ్లైఓవర్ మీద పెట్టేస్తారు.

మీట నొక్కితే రంగు మారే కారు వీడియో చూశాను. నిజమేనా?
*— వస్త్ర వ్యాపారి, షావుకారుపేట*

నిజమే. బీఎండబ్ల్యూ 2022లో తెలుపు నుంచి నలుపుకు మారే ఐఎక్స్ ఫ్లో, 2023లో 32 రంగులు చూపే ఐ విజన్ డీ తెచ్చింది. ఈ-పుస్తకాల తెరల్లో ఉండే ఈ-ఇంక్‌నే ముక్కలుగా కోసి ఒంటికి అతికించారు. మారేటప్పుడే కరెంటు తింటుంది. అమ్మకానికి లేదు. ఉన్నా ఆర్సీలో ‘రంగు’ అని ఒకే గడి ఉంది, ఆర్టీఓకు ఏ రంగు రాసిస్తారు?

మా అమ్మాయికి బొమ్మలు బాగా వచ్చు. కార్ల డిజైన్‌లోకి వెళ్తానంటోంది. ఆడపిల్లకు సరిపోతుందా?
*— రిటైర్డ్ టీచరు, తిరుపతి*

మాస్టారూ, నా చివరి టీమ్‌లో అందరికంటే చక్కని ఉపరితలం తీసింది ఒక అమ్మాయే. అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్ల గాంధీనగర్ క్యాంపస్‌లో వాహనాల డిజైన్‌లో పీజీ ఉంది, ముంబయి ఐఐటీలోనూ ఉంది. ముందు డిగ్రీ, తర్వాత ప్రవేశ పరీక్ష.

ఈలోపు ఒక పని చేయించండి. వీధిలో ఆగి ఉన్న కారు బానెట్ మీద కళ్లు మూసుకుని అరచెయ్యి మెల్లగా జరపమనండి. కంటికి దొరకని సొట్ట చేతికి దొరుకుతుంది. మా నాయన స్తంభాలను అలాగే చూసేవాడు, నేను కార్లను అలాగే చూశాను. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అని ఆ అమ్మాయి కాగితం మీద గీసి పంపితే, పై నెల జవాబు నేరుగా తనకే రాస్తాను. కారు ఓనరుకు ముందే చెప్పి ముట్టుకోమనండి, మా వీధిలో నేను రెండుసార్లు తిట్లు తిన్నాను.