అల్లుడికి, పెన్ను లోపలి రంగు గురించి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు నీ చేత్తో చేసి శ్రీకాకుళం నుంచి పంపిన పెన్ను నిన్న మధ్యాహ్నం అందింది. వాకిట్లోకి తీసుకెళ్లి వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. పాలిష్ బాగా కుదిరింది. మధ్య రింగు దగ్గర వేలు పెట్టి నిమిరితే మెట్టు తగల్లేదు. మొదటి పెన్నుకే చెయ్యి ఇంత నిలకడగా ఉందంటే చాలా సంతోషమేసింది.

నువ్వు అడిగిన మాట నిజమే. నీలం అక్రిలిక్ ముక్క కొన్నావు, పెన్నయ్యేసరికి ఆకు పసరు రంగు తిరిగింది. తప్పు ముక్కది కాదు. లోపలున్న ఇత్తడి ట్యూబు పసుపు నీలంలోంచి కనబడుతోంది. నువ్వు వాడిన స్లిమ్‌లైన్ అనే సన్న పెన్ను కిట్టులో (కిట్టంటే ట్యూబులు, క్లిప్పు, రింగు లాంటి లోహపు భాగాల సెట్టు) ట్యూబు లావు 7 మిల్లీమీటర్లు. లేత్ మీద చెక్కాక చివర్ల దగ్గర పెన్ను లావు ఎనిమిదిన్నరకి మించదు. అంటే ట్యూబు మీద మిగిలేది ముప్పావు మిల్లీమీటరు పొర. అంత పల్చని పొర దేన్ని దాస్తుంది? అందుకే వెలుతురు పారే ముక్క ఏదైనా సరే, ట్యూబుకి రంగు వెయ్యాల్సిందే. పనస, చింత లాంటి చెక్కయితే ఈ బాధ లేదు.

రంగు కన్నా ముందు గరుకు. మీ అమ్మమ్మ బుడితి ఇత్తడి చెంబుని చింతపండుతో తోమి తళతళలాడించేది. మనకి ఇక్కడ కావాల్సింది ఆ మెరుపు కాదు. 220 నంబరు ఎమరీ పేపరు తీసుకుని, ట్యూబుని పుల్లకి గుచ్చి, నిగారింపు పోయి మసకబారేదాకా రుద్దు. తర్వాత థిన్నర్ తడిపిన గుడ్డతో తుడువు. ఆపైన వేళ్లతో ముట్టుకోకు. వేలి జిడ్డు తగిలిన చోట రంగు పొరలా లేచిపోతుంది.

స్ప్రే అయితే పల్చగా రెండు మూడు పూతలు చాలు. నీలానికి కింద తెలుపు వేస్తే ఆకాశంలా తేటగా ఉంటుంది, నలుపు వేస్తే లోతుగా, వెండి రంగు వేస్తే లోపల్నుంచి మెరుస్తున్నట్టు ఉంటుంది. మిగిలిన తునక మీద మూడూ వేసి చూసుకుని తేల్చుకో. ఈ ముసురు రోజుల్లో మాత్రం స్ప్రే వద్దు. గాలిలో చెమ్మకి రంగు తెల్లగా పాలిపోతుంది. ఎండ కాసిన రోజు వేసి, మర్నాటిదాకా కదపకు.

ఇప్పుడు అసలు చిక్కు. రంగు వేసిన ట్యూబుని ముక్క మధ్య తొలిచిన బిగుతు కన్నంలోకి తోస్తే అంచు గీసుకుని, ఇత్తడి చార బయటపడుతుంది. నేను ఎర్ర ముక్కతో చేసిన పెన్నులో అలాంటి చారే ఒకటి, పైనుంచి కిందిదాకా, జుట్టంత సన్నంగా మిగిలిపోయింది. చెక్కి, పాలిష్ పట్టాక గానీ కనబడలేదు. అప్పట్నుంచి ట్యూబుకే కాదు, కన్నం లోపలి గోడకీ అదే రంగు వేస్తున్నాను. అక్రిలిక్ రంగుని కన్నంలో పోసి, ముక్కని గుండ్రంగా తిప్పి, పాత పేపరు మీద నిలబెట్టి మిగతా రంగు కారిపోనివ్వు. రెండు రోజులు ఆరాలి. ట్యూబు దూరకపోతే, పుల్లకి ఎమరీ చుట్టి రంగు వెయ్యకముందే కన్నాన్ని కాస్త వదులు చేసుకోవాలి. రంగు వేశాక చేస్తే పని మొదటికొస్తుంది.

అతికించడానికి ఇన్‌స్టంట్ గ్లూ వాడకు. రంగుని పాడు చెయ్యగలదు, పైగా ట్యూబు సగం దూరాక పట్టేసిందంటే ముక్క పారెయ్యాల్సిందే. రెండు భాగాలుగా వచ్చే, కలిపి వాడుకునే ఎపాక్సీ జిగురు వాడు. ముందు ట్యూబు చివర్ని పచ్చి బంగాళాదుంప చెక్కలో గుచ్చితే బిరడాలా పడుతుంది, జిగురు లోపలికి పోదు. మెల్లగా తిప్పుతూ తొయ్యి. ఒక రోజు ఆగి, బిరడా తీసేసి, చివర్లు కోసే ట్రిమ్మర్‌తో వాటిని చదును చెయ్యి. ఇత్తడి అంచు గుండ్రంగా తళుక్కుమనగానే ఆపెయ్యి. అంతకు మించి కోస్తే ట్యూబు పొట్టిదై, తిప్పినా రిఫిల్ మొన పూర్తిగా లోపలికి పోదు.

కిట్టు విషయానికొస్తే, బొమ్మ చూసి కొనకు. ముందు రిఫిల్ చూడు. స్లిమ్‌లైన్‌కి సన్నని క్రాస్ రకం రిఫిల్ పడుతుంది, మన ఊళ్లలో అడిగిన చోటల్లా దొరకదు. సిగార్, సియెర్రా అనే లావు పెన్నుల కిట్లకి పార్కర్ రకం పడుతుంది, అది మామూలు స్టేషనరీ కొట్లోనే ఉంటుంది. పెన్నిచ్చాక ఆ మనిషి రిఫిల్ కోసం తిరగకూడదు కదా. కన్నం తొలవడానికి సియెర్రా 27/64 అంగుళం బిట్ అడుగుతుంది, అంటే ఇంచుమించు 10.7 మిల్లీమీటర్లు, అది తెప్పించుకోవాలి. సిగార్‌కి మామూలుగా 10 మిల్లీమీటర్ల బిట్ చాలు. ఏ కిట్టు కొన్నా దాని బుషింగులు (చెక్కేటప్పుడు లావుకి కొలతగా ముక్క చివర్ల పెట్టే రింగులు), రెండు అదనపు ట్యూబులు కూడా తీసుకో.

పూత గురించి ఒకటి. రిటైరైన మాస్టారొకరికి బంగారు పూత పెన్ను చేసిచ్చాను. ఆయన రోజూ రాసే మనిషి. ఏడాది తిరక్కుండానే వేళ్లు ఆనే చోట పూత పోయి, తెల్లగా బయటపడింది. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ పెన్ను చేతిలో చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది. చెమట పట్టే చేతులకి క్రోమ్ మేలు. బంగారు రంగే కావాలంటే టైటానియం నైట్రైడ్ పూతది చూడు. ఖరీదు కాస్త ఎక్కువైనా నిలుస్తుంది.

రాజమండ్రి రత్నం పెన్నుల్లా కిట్టు లేకుండా ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీలోంచే చెయ్యాలని ఉందన్నావు. ఆ పనిలో మరలు కోయడం రావాలి. ఓ పది కిట్టు పెన్నులు అయ్యాక దాని సంగతి కూర్చుని మాట్లాడుకుందాం.

దసరా వెళ్లాక మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవానికి వస్తావుగా. ఆ నీలం ముక్క మిగిలితే పట్టుకురా. బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ల దగ్గర తెచ్చిన పనస తునకలు రెండు నీకోసం దాచాను. అవి ఎండి సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ మామయ్య,
విజయనగరం