తక్కువ ఖర్చులో డైనింగ్ టేబుల్ మధ్యలో అలంకరణ ఎలా చేసుకోవాలి?

నన్నడిగితే నీళ్లలో తేలే పూల అలంకరణే మేలు. కొత్త పాత్ర కొనక్కర్లేదు, అంచు ఉన్న వెడల్పాటి ఇత్తడి పళ్లెం ఇంట్లో ఉంటే చాలు. లేదంటే హైదరాబాద్ బేగంబజార్ పాత్రల దుకాణాల్లో చూడండి.

పొద్దున్నే అక్కడి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్తే బంతి, చామంతి కలిపి అర కిలో తెచ్చుకోండి. బతుకమ్మ, దసరా రోజుల్లో మాత్రం రేట్లు మండిపోతాయి.

అసలు కిటుకంతా కాడలోనే ఉంది. దాన్ని పువ్వు మొదలుకంటా కత్తిరించాలి. కాస్త మిగిలినా పువ్వు పక్కకి ఒరిగి, రేకులు తడిసి, సాయంత్రానికి కమిలిపోతుంది. నీళ్లు ఒక అంగుళం లోతు చాలు. బయట బంతి, లోపల తెల్ల చామంతి, అంచు చుట్టూ మామిడాకులు పేర్చండి. మధ్యలో చిన్న గాజు గ్లాసు పెట్టి, అది కదలకుండా దాని లోపల అడుగున గుప్పెడు ఇసుక పోసి, దానిపై టీలైట్ (చిన్న గుండ్రటి పొట్టి కొవ్వొత్తి) వెలిగించండి. మంట గ్లాసు అంచుకి కిందే ఉంటుంది కాబట్టి ఫ్యాన్ గాలికి అంత తొందరగా ఆరిపోదు.

మల్లెలు, సంపెంగలు మాత్రం భోజనాల దగ్గర వద్దు, ఆ వాసన బిర్యానీ ఘుమఘుమను మింగేస్తుంది. ఎత్తు జానెడు దాటనివ్వకండి. ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం కనిపించాలి కదా.