మేనమామ చేతిలోని కత్తెర

ప్రశ్న: మాది నల్లగొండ. మా అక్కను మర్రిగూడ మండలంలోని ఒక పల్లెకు ఇచ్చాం. 2010లో పుట్టిన ఆమె కొడుకు ఎనిమిదో తరగతి నుంచి మా ఇంట్లో ఉండి, మా అబ్బాయి చదివే ప్రైవేటు బడిలోనే చదువుతున్నాడు. ఇప్పుడు పదో తరగతి. యాదగిరిగుట్టలో నా ఒళ్లో కూర్చోబెట్టుకుని పుట్టువెంట్రుకలు తీయించిన పిల్లవాడు. ఏడాది నుంచి పూర్తిగా మారిపోయాడు. పుర్రెల బొమ్మలున్న నల్ల టీషర్టులు, మెడ దాకా జుట్టు, చెవులు చిల్లులు పడే ఇంగ్లీషు పాటలు, రాత్రిళ్లు ఫోనులో ఎక్కడెక్కడి పిల్లలతోనో ముచ్చట్లు. నోటుబుక్కుల మీద తన పేరు మానేసి ఏదో కొత్త పేరు రాస్తున్నాడు. చేతి వెనక మార్కరుతో ఇంటూ గుర్తు గీసుకుంటున్నాడు, అది గంజాయి ముఠాల గుర్తేమోనని భయంగా ఉంది. దావత్‌కు చుట్టాలు వస్తే గదిలోంచి బయటికి రాడు. మాస్కు తీయడు. బడిలో పళ్లను చూసి ఏదో పేరు పెట్టి పిలుస్తారని మా అబ్బాయి చెప్పాడు, పిల్లలన్నాక అంటారు కదా. ఇది మన సంస్కృతి కాదని ఎంత చెప్పినా వినలేదు. దసరా సెలవులకు ముందు బడివాళ్లు జుట్టు గురించి డైరీలో రాసి పంపితే, నేనే బలవంతంగా కటింగ్ షాపుకు తీసుకుపోయి పొట్టిగా కొట్టించాను. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. వీడిని దారిలో పెట్టేదెలా? అక్కకు ఏం చెప్పాలి?

జవాబు: మీ ఉత్తరంలో జుట్టుకు, బట్టలకు, పాటలకు చాలా చోటు దక్కింది. పళ్లకు దక్కింది ఒక్క వాక్యం, దానిని కూడా మీరే పక్కకు నెట్టేశారు. నాకు మాత్రం ఉత్తరమంతా ఆ వాక్యంలోనే ఉన్నట్టు అనిపించింది, కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

మర్రిగూడ వైపు బోరునీళ్ల సంగతి నల్లగొండవాసులైన మీకు చెప్పనక్కరలేదు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు మాత్రమే అనుమతించవచ్చని మన దేశపు ప్రమాణం. ఆ ప్రాంతపు బోర్లలో ఎన్నో దానిని దాటినవే. ముందుపళ్ల మీది ఎనామెల్ పొర బిడ్డ పుట్టిన తొలి కొన్నేళ్లలో, పన్ను ఇంకా చిగురు లోపల ఉండగానే తయారవుతుంది. ఆ ఏళ్లలో ఒంట్లోకి ఫ్లోరైడు ఎక్కువగా పోతే ఆ పొర గట్టిపడవలసినంత గట్టిపడదు. పన్ను సుద్దముక్క లాంటి మచ్చలతో బయటికి వచ్చి, క్రమంగా పసుపు రంగుకు, గోధుమ రంగుకు తిరుగుతుంది. మిషన్ భగీరథ పథకం ప్రారంభమైంది 2016లో. ఆ నీళ్లు ఊరికి చేరే నాటికి మీ మేనల్లుడి ముందుపళ్ల ఎనామెల్ దాదాపుగా తయారైపోయి ఉంటుంది. ఎంత తోముకున్నా ఆ మచ్చ పోదు, ఎందుకంటే అది మురికి కాదు. పట్నంలో పెరిగిన తోటి పిల్లలకు మాత్రం అది మురికిగానే, పల్లెటూరితనంగానే కనిపిస్తుంది. పళ్లు తోముకోవా అని అందరి ముందూ ఒకరు అడిగినప్పుడు, ఎనామెల్ ఎలా ఏర్పడుతుందో పదమూడేళ్ల పిల్లవాడు నిలబడి పాఠం చెప్పలేడు. నోరు మూసుకుంటాడు, అంతే. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తీసే పద్ధతిని ప్రపంచమంతటా నల్లగొండ టెక్నిక్ అంటారు. శాస్త్ర గ్రంథాలలో మీ ఊరి పేరుతో ఉన్న సమస్య, మీ ఊరి తరగతి గదిలో ఒక పిల్లవాడికి వెక్కిరింపు పేరుగా మారింది.

మాస్కు తీయడని రాశారు. 2020లో కరోనా వచ్చే నాటికి అతనికి పదేళ్లు. అందరూ ఆ గుడ్డ ఎప్పుడు తీసి పారేద్దామా అని ఎదురుచూస్తుంటే, నోరు కనిపించకుండా తిరగగలిగిన ఆ రోజులు అతనికి హాయిగా గడిచి ఉండవచ్చు. ఇప్పుడు ఆ పాటలవాళ్ల ఫొటోలు ఒకసారి చూడండి. అతని ఫోను లాక్కుని కాదు, మీ ఫోనులోనే వెతకండి. మీరు రాసిన పుర్రెల బొమ్మలను, చెవులు చిల్లులు పడే మోతను బట్టి అది హెవీ మెటల్ అనే హోరు గిటార్ల రాక్ సంగీతం అనుకుంటున్నాను. దానిని వాయించే బృందాల ఫొటోలలో పళ్లు కనిపించేలా నవ్వేవాళ్లు అరుదు. నల్లబట్టలు వేసుకుని, పెదవులు బిగించి, కోపంగా చూడటమే అక్కడి మర్యాద. గ్రూపు ఫొటో తీసేటప్పుడు నవ్వండి అనగానే తల దించుకునే పిల్లవాడికి, నవ్వకపోవడమే హుందాగా చెల్లే లోకం ఒకటుందని తెలిసిన రోజున ఎంత ఊరట కలిగి ఉంటుందో ఊహించండి. ఇది నా అంచనా మాత్రమే, అసలు కారణం చెప్పవలసినవాడు అతనే. అయినా, తన క్లాసులో ఎవరికీ అక్కరలేని పిల్లవాడు తనను కావాలనుకునే మనుషులను ఎక్కడో వెతుక్కున్నాడని అనుకుంటే, మీరు రాసిన లక్షణాలలో చాలా వాటికి అర్థం దొరుకుతుంది.

ఆ సంగీతానికి ఆద్యులుగా చాలామంది చెప్పుకునే బ్లాక్ సబ్బాత్ బృందం 1968లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల ఊళ్లో మొదలైంది. అందులో గిటారు వాయించిన టోనీ అయోమీకి, పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని చేస్తుండగా చెయ్యి యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతను ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని మళ్లీ వాయించాడు. తరువాత తీగలను వదులు చేసి వాయించినప్పుడు పుట్టిన బరువైన ధ్వనే ఆ సంగీతానికి గుర్తుగా నిలిచింది. ఆ పాటలు వినే పిల్లలకు సాధారణంగా తెలిసిన కథే ఇది. మీ మేనల్లుడిని అడిగితే నాకంటే బాగా చెప్పగలడేమో.

ఇక ఇంటూ గుర్తు. 1980ల తొలినాళ్లలో అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో పంక్ అనే మరో రకం రాక్ సంగీతపు కచేరీలకు వచ్చే చిన్న పిల్లలకు, వయసు చాలదు కనుక మద్యం పోయవద్దని తెలిసేలా, చేతి వెనక ఇంటూ గీసి లోపలికి పంపేవారు. కొందరు యువకులు ఆ గుర్తునే సొంతం చేసుకుని, తాగం, పొగ పీల్చం, మత్తు ముట్టం అని చాటుకోవడానికి తమంతట తామే గీసుకోవడం మొదలుపెట్టారు. దానిని స్ట్రెయిట్ ఎడ్జ్ అంటారు. మీరు గంజాయి ముఠా గుర్తనుకున్నది, ఆ పిల్లవాడు తనకు తాను పెట్టుకున్న ఒట్టు అయి ఉండవచ్చు. తప్పకుండా అదేనని అనను, అర్థం తెలియకుండా అందం కోసం గీసుకునే పిల్లలూ ఉంటారు. అనుమానంతో కాక, తెలుసుకోవాలన్న కుతూహలంతో అడగండి. దావత్ రోజున గది తలుపు ఎందుకు వేసుకుంటున్నాడో కూడా ఆ జవాబులోనే దొరకవచ్చు. అది మీకు వినడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా వినండి.

మన సంస్కృతి కాదన్న మాటకు వస్తే, కార్తీకం రాగానే మన వీధుల్లో ఎందరు నల్లబట్టలతో, గడ్డాలతో, చెప్పులు లేని కాళ్లతో తిరుగుతారో మీకు తెలుసు. అయ్యప్ప మాల వేసుకున్నవారిని ఆ నలుపులోనే గౌరవంగా స్వామీ అని పిలుస్తాం. భక్తి వేరు, ఇది వేరు అని మీరు అంటారు, నిజమే. కానీ భయం రంగును చూసి కలిగినది కాదని దానితో తేలిపోతుంది. కొత్త పేరు సంగతీ అంతే. 1965లో హైదరాబాదులో ఆరుగురు యువకులు సొంత పేర్లు వదిలేసి కొత్త పేర్లు పెట్టుకుని, వారాలకూ ఋతువులకూ కూడా తమవైన పేర్లు కల్పించుకుని, దిగంబర కవులుగా తమ తొలి సంపుటిని ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. వారిలో నిఖిలేశ్వర్ ఉమ్మడి నల్లగొండ జిల్లాలో కుంభం యాదవరెడ్డిగా పుట్టినవారు. అప్పటి పెద్దలు వారిని ఎంత తిట్టిపోశారో చెప్పలేం. ఆయనకే 2020 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మీ మేనల్లుడు కవి అవుతాడని ఆశ పెట్టడం నా ఉద్దేశం కాదు. నోటుబుక్కు మీద పేరు మార్చుకున్నంత మాత్రాన ఇల్లు మునిగిపోదు.

కంగారు పడవలసిన విషయాలు వేరే ఉన్నాయి. రాత్రి రెండింటి దాకా ఫోను చూసి పొద్దున లేవలేకపోవడం, ఫోనులో పరిచయమైన పెద్దవాళ్లెవరైనా ఫొటోలో డబ్బులో అడగడం, ఇంట్లో చెప్పవద్దని షరతు పెట్టడం, ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పకపోవడం, ముంజేతుల మీద గీతలు, తిండి తగ్గిపోవడం, తనకు ఇష్టమైన వస్తువులను ఊరికే ఇచ్చేయడం, నేను లేకపోతే అందరికీ హాయి అనే మాట. వీటిలో ఏది కనిపించినా చుట్టూ తిప్పకుండా, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని పెద్దలు భయపడతారు గాని, అడగడం వల్ల అలా జరగదు. అడిగినవాళ్లు ఒకరున్నారన్న ధైర్యం వస్తుంది. మానసిక ఇబ్బందుల్లో సాయపడే ప్రభుత్వ సేవ టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు మీరు రాసుకోండి, అతనికీ ఇవ్వండి.

ఇప్పుడు కటింగ్ షాపు దగ్గరికి వద్దాం. మన ఇళ్లలో బిడ్డ తల మీద మొదటి కత్తెర వేసే హక్కు మేనమామది. ఆ హక్కు మీకు యాదగిరిగుట్టలో దక్కింది, మీరు దానిని మురిపెంగా గుర్తుపెట్టుకున్నారు. పదిహేనేళ్లకు మీరు వేయించిన రెండో కత్తెర మాత్రం ఆ హక్కులోకి రాదు. తన ఒంటి మీద తన ఇష్టప్రకారం ఉన్నది ఆ జుట్టు ఒక్కటే. పళ్లు తన చేతిలో లేవు, బడి లేదు, ఉంటున్న ఇల్లు కూడా తనది కాదు. మేనమామ ఇంట్లో అన్నం తింటూ చదువుకునే పిల్లవాడు ఎదురు తిరగలేడు, అలిగి వెళ్లిపోలేడు. మాట్లాడటం మానేయగలడు, కాబట్టి అది చేశాడు. జుట్టు ఎక్కువగా ఉందని బడి చెప్పడం బడి నియమం కావచ్చు. ఎంత తగ్గించుకుంటావు, ఎప్పుడు వెళ్దాం అని అతనితో మాట్లాడి ఒప్పించడానికి మీకు వారం రోజులు పట్టేది.

కనుక ముందుగా మీరు క్షమాపణ అడగాలి. పెద్దవాడిని, నేనెలా అడుగుతానని అనుకోకండి. అందరి ముందూ వద్దు, ఇద్దరే ఉన్నప్పుడు, మీరు ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెప్పండి: "అల్లుడా, నిన్ను అడగకుండ నీ జుట్టు కొట్టిచ్చిన. తప్పు నాదే. ఇంకోసారి జెయ్య." అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు. కానీ నువ్వు కూడా అని మొదలుపెడితే ఆ క్షమాపణ అక్కడే చెడిపోతుంది. జవాబు రాకపోయినా నిలదీయకండి. రెండు మూడు వారాలు మౌనంగానే ఉంటాడేమో. మధ్యలో ఎప్పుడైనా ఒక పాట వినిపించమని అడిగి, నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. నచ్చినట్టు నటిస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

జుట్టు గురించి డైరీలో ఒక్క ముక్క వస్తే మీరు అదే రోజున కదిలారు. ఆ వెక్కిరింపు గురించి మీరు బడికి ఇంతవరకు ఒక్క ముక్క రాయలేదు. ఈ తేడా అతను గమనించకుండా ఉండడు. ప్రధానోపాధ్యాయులకు ఉత్తరం రాయండి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. పిల్లవాడిని ఏమని పిలుస్తున్నారో, ఎవరి సమక్షంలో పిలుస్తున్నారో, ఉపాధ్యాయులలో ఎవరైనా విని నవ్వారా అన్నది అందులో ఉండాలి. రాసే ముందు అతనికి చెప్పి, ఏయే పేర్లు రాయాలో, ఏవి వద్దో అతనినే నిర్ణయించనివ్వండి, ఎందుకంటే రేపు ఆ గదిలో కూర్చోవలసింది అతను. బడి పట్టించుకోకపోతే మండల విద్యాధికారి ఉన్నారు, పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. ఇంకో మాట, ఇది రాయడానికి నాకూ కొంత సంకోచంగా ఉంది: ఆ పేరు మీ ఇంటిదాకా వచ్చింది మీ కుమారుడి ద్వారా. ఒకే ఇంటి నుంచి ఒకే బడికి వెళ్లే ఇద్దరిలో ఒకరి పళ్లు తెల్లగా, ఇంకొకరివి మచ్చలతో ఉన్నాయి. మీ అబ్బాయి కూడా ఆ పేరుతో పిలిచాడా, లేక ఎవరైనా పిలిచినప్పుడు పక్కకు తప్పుకున్నాడా అని కోప్పడకుండా కనుక్కోండి. తప్పుకుని ఉంటే అతనూ భయపడే తప్పుకుని ఉంటాడు.

పళ్లకు వైద్యం ఉంది. పైపైన ఉన్న మచ్చలను సన్నగా అరగదీసి తగ్గించవచ్చు, పంటి రంగు పదార్థంతో పూత వేయవచ్చు. పింగాణీ తొడుగుల వంటివి సాధారణంగా ఎదిగే వయసు దాటాక గాని వేయరు. మీకు దగ్గరలో నార్కెట్‌పల్లిలోనే దంతవైద్య కళాశాల ఉంది. అయితే నీ పళ్లు బాగు చేయిస్తాను, ఈ వేషం మానేయి అని బేరం పెట్టకండి. కావాలంటే చూపిద్దాం అని ఒకసారి చెప్పి వదిలేయండి. పళ్లు తెల్లబడ్డాక కూడా నల్ల టీషర్టు అలాగే ఉండవచ్చు, ఎందుకంటే మొదట ఆసరా కోసం పట్టుకున్నదే తరువాత నిజమైన ఇష్టంగా మారిపోతుంది.

మీ అక్కకు జరిగింది జరిగినట్టు చెప్పండి, కత్తెర సంగతితో సహా. పళ్ల విషయం చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండండి. బిడ్డకు ఆ నీళ్లు తాగించింది తానే కదా అని ఆమె కుమిలిపోయే ప్రమాదం ఉంది. ఊరంతా తాగిన నీళ్లే ఆమె కూడా తాగింది, వేరే నీళ్లు లేవు.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పరీక్షలయ్యే నాటికి చెవుల మీదికి వస్తుంది, ఆ తరువాత వేసవి సెలవులు. కటింగ్ షాపుకు ఎప్పుడు వెళ్లాలో, అసలు వెళ్లాలో వద్దో అతనే చూసుకుంటాడు. డబ్బులు మాత్రం మీరే ఇవ్వండి.