గోడ లోపలి నుంచి మొదలుపెట్టు

తమ్ముడూ,

పిండంలో రక్తనాళాల గోడలు ఎలా ఏర్పడతాయో నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. తప్పుల్లేవు. కానీ మొదటి పేరాలోనే లోపలి పొర, నడిమి పొర, పై పొర అని మూడూ వరసగా పేర్చేశావు. అది తయారైపోయిన ధమని. నువ్వు చెప్పాల్సింది తయారీ సంగతి కదా!

మూడో వారం దగ్గర మొదలుపెట్టు. మధ్యత్వచం, అంటే పిండపు మూడు మూల పొరల్లో నడిమిది, దాని నుంచి వచ్చిన కణాలు పిండానికి అంటుకుని ఉండే సొనసంచిలోనూ పిండంలోనూ గుంపు కట్టి, ఒకదాన్నొకటి పట్టుకుని, మధ్యలో ఖాళీ వదులుతాయి. అదే నాళం. గోడ మందం ఒక్క కణం, తర్వాత లోపలి పొర అయ్యేది అదే. గుండె నుంచి చెట్టుకొమ్మల్లా నాళాలు పుట్టుకొస్తాయని నేనొకసారి రాశాను. పోలిక బాగుందని అందరూ మెచ్చుకున్నారు కూడా. నిజానికి తొలి నాళాలు ఎక్కడికక్కడే ఏర్పడతాయి. గుండె కొట్టుకోవడం 22వ రోజు ప్రాంతంలో గానీ మొదలవదు. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అసలు కథ ఆ తర్వాతే ఉంది, నువ్వేమో రెండు లైన్లలో దాటేశావు. లోపలి పొర కణాలు పీడీజీఎఫ్-బీ అనే ప్రోటీన్ వదులుతాయి. దాన్ని గుర్తుపట్టే కణాలు చుట్టుపక్కల నుంచి వచ్చి నాళానికి బయటివైపు అంటుకుంటాయి. పెద్ద నాళాల దగ్గర ఇవి టీజీఎఫ్-బీటా అనే మరో ప్రోటీన్ సంకేతంతో నునుపు కండర కణాలవుతాయి, కేశనాళికల దగ్గర వాటిని బయటి నుంచి చుట్టుకుని ఉండే పెరిసైట్లవుతాయి. వచ్చినవి ఊరికే కూర్చోవు. యాంజియోపోయిటిన్-1 అనే ప్రోటీన్ పంపి లోపలి పొరను కుదుటపరుస్తాయి. ఈ పిలుపు లేకపోతే ఏమవుతుందో కూడా రాయి. పీడీజీఎఫ్-బీ లేని ఎలుక పిండాల్లో పెరిసైట్లు రాక కేశనాళికలు బుడిపెల్లా ఉబ్బి చిట్లాయి.

ఇంకో ముచ్చట వదిలేశావు. బృహద్ధమని చూడ్డానికి ఒకే గొట్టం, దాని కండర కణాల పుట్టిళ్లు మాత్రం వేరు. వంపు దగ్గరివి ఎక్కువగా నాడీ శిఖరం నుంచి, అంటే మెదడు, వెన్నుపాము ఏర్పడే చోట అంచున పుట్టే కణాల గుంపు నుంచి వస్తాయి, కిందికి దిగే భాగంలోవి సోమైట్ల నుంచి, అంటే వెన్ను పొడవునా వరసగా ఉండే మధ్యత్వచపు ముద్దల నుంచి. ఇంత మంచి సంగతి చేతిలో ఉండగా 'సంక్లిష్ట ప్రక్రియ' అని రాయడం దేనికి?

ధమని గోడలో సాగే ప్రోటీన్ ఎలాస్టిన్‌ని రబ్బరుతో పోల్చావు. సాగే గుణం వరకు సరే. కానీ దాని జన్యువు తీసేసిన ఎలుకల్లో నునుపు కండర కణాలు ఆగకుండా పెరిగి ధమని దారినే మూసేశాయి. రబ్బరు ఆ పని చెయ్యదు. కాబట్టి పోలికను సగంలో వదిలెయ్, లేదా బ్రేకు అను.

'కణం నిర్ణయించుకుంటుంది' అని నాలుగుచోట్ల ఉంది. మూడు కొట్టేశాను, నాలుగోది నువ్వు వెతుక్కో.

ధమని, సిర తేడా చెప్పాలా అని అడిగావు. చెప్పు. రక్తం పారకముందే ధమని కణాల మీద ఎఫ్రిన్-బీ2, సిర కణాల మీద ఈపీహెచ్-బీ4 అనే ప్రోటీన్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్క వాక్యం చాలు, అంతకు మించితే అది ఇంకో వ్యాసం. అది కూడా రాస్తానంటే ముందు ఇది తిరగరాసి పంపు.

నీ అన్నయ్య